పాదం లేని మడి

"ఈయన చేతికి అగ్గిపెట్టె ఎవరిచ్చినారు?"

కుముదవల్లి నా గురించి పలికిన మొదటి మాట ఇది. నన్ను అడగలేదు కూడా. నా వైపు వేలు చూపించి, నాగరత్నమ్మగారి పెరట్లో ఉన్న జనాన్నంతా అడిగింది.

నేనేమో ఘనకార్యం చేసినవాడిలా చేతులు దులుపుకుంటున్నాను. పెరటి మూల గుట్టగా పడివున్న ఎండుటాకులు కంటికి అసహ్యంగా కనిపిస్తే, ఊడ్చి కుప్పపోసి నిప్పంటించాను. ఆ ఆకుల్ని ఆమె వీధి వీధీ తిరిగి గోతాల్లో మోసుకొచ్చిందని, మొక్కల మొదళ్లలో పరచడానికి దాచుకుందని నాకెవరు చెప్పారు?

"శుభ్రం చేసినానండీ," అన్నాను.

"మడికి అన్నం అది. అన్నాన్ని తగలబెట్టి శుభ్రం అంటారా మీ ఇంట్లో?"

ఇది ఎనభై ఎనిమిదిలో మాట. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన రాజారత్నం సారు హైదరాబాదులో ఏదో మీటింగుకు వెళ్లి, పర్మాకల్చర్ అనే మాటను పట్టుకొని తిరుపతికి తిరిగొచ్చారు. కాల్చొద్దు, పారేయొద్దు, ఊరికే తవ్వొద్దు. స్నానాల నీళ్లు అరటికి, వంటింటి తొక్కలు మడికి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడ వీధుల్లో ఇళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వెనక ఒక పెరడు, ఆ పెరట్లో విరిగిన కుర్చీలు. వాటిని తోటలుగా మారుద్దామని సారు మాలాంటి వాళ్లను కూడగట్టారు. ఆదివారానికొక ఇల్లు. పని అందరిదీ, టిఫిను ఆ ఇంటివాళ్లది. మా వీధి ముసలమ్మలు ఆ మాటకు నోరు తిరక్క పెరుమాళ్ కల్చర్ అన్నారు. దేవుడి పేరు ఉందని పెరడు ఇచ్చినవాళ్లే ఎక్కువ.

నేను దేవస్థానం ఆఫీసులో గుమాస్తాను. పేరు దేవనాథన్. టిఫిను కోసమే చేరాను, అబద్ధమెందుకు.

కాల్చినన్ని ఆకులూ మళ్లీ తెచ్చివ్వాలని శిక్ష పడింది. ఆఫీసు ప్యాంటు మీదే గోతాం భుజాన వేసుకొని వీధిలో ఆకులు ఏరుతుంటే, సుబ్బులమ్మగారు అరుగు దిగొచ్చి, ఉద్యోగం ఎప్పుడు పోయిందని జాలిగా అడిగింది. ఆ వార్త నాకంటే ముందే ఇల్లు చేరింది. మా అమ్మ పెరుందేవి ఆ పూట అన్నం మానేసింది.

కానీ గోతాం దించగానే కుముదవల్లి అందులోకి చెయ్యి పెట్టి చూసి, "వేపాకు ఎక్కువుండాది, మంచిదే," అంది. అంతే. ఆ 'మంచిదే' అనే మాటతో నేను మునిగిపోయాను.

ఆమె ఆడపిల్లల స్కూల్లో బోటనీ టీచరు. ఎప్పుడు చూసినా చెవి పక్కన మట్టి మరక ఉండేది. మట్టిలో వానపాము కనిపిస్తే "రా బంగారూ" అని పలకరించేది. వానపాముకు దొరికిన ఆ మర్యాద నాకు దొరకలేదే అని ఎన్ని ఆదివారాలు కుళ్లుకున్నానో. కుళ్లుకుంటూనే పని నేర్చుకున్నాను. రాజారత్నం సారు చెప్పే మడి గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. మధ్యలో మనిషి నిలబడితే చుట్టూ ఉన్న మొక్కలన్నీ చేతికందుతాయి, మట్టిని తొక్కే పని లేదు. అది వెయ్యడంలో నాకు ఎంత పేరొచ్చిందంటే, వీధిలో నన్ను లాడం దేవనాథన్ అనేవాళ్లు.

ఒక ఆదివారం పని మధ్యలో వాన పట్టుకుంది. అందరూ వసారాలోకి పరిగెత్తారు. మేమిద్దరం మాత్రం నారు దగ్గర ఇరుక్కుపోయి, ఒకే గోతాన్ని తలల మీద కప్పుకొని గోడవారన నిలబడ్డాం.

"వచ్చే వారం మా ఇంటి వంతు," అంది.

"తెలుసు. ఎప్పుడొస్తుందా అని చూస్తా ఉండాను."

"ఎందుకో?"

"టిఫినుకు."

గోతాం మీద తన వైపు నిలిచిన నీళ్లను నా వైపు వంచింది. నెత్తి మీదినుంచి కారుతున్న నీళ్లలో నేను కళ్లు తుడుచుకుంటుంటే, ఎటో చూస్తూ అసలు మాట చెప్పింది. మద్రాసు నుంచి ఒక సంబంధం వాళ్లు ఆమెను చూడటానికి రాబోతున్నారు. వాళ్లు రాకముందే ఆమె నాయన కంట్లో నేను పడాలి.

"మా నాయన నోరు చూడడు, చెయ్యి చూస్తాడు. మీరు పని బాగా చేయండి, మాట్లాడొద్దు. ఎవరీ అబ్బాయి అని ఆయనే అడుగుతాడు. అప్పుడు నేను చెప్తాను."

"ఏమని?"

"టిఫినుకు వచ్చినాడని," అంది. చెంప మీద నీటి చుక్క, దాని కింద నవ్వు. నాకు వాన ఆగకుండా ఉంటే బాగుండుననిపించింది. వెంటనే ఆగిపోయింది.

కుముదవల్లి తండ్రి యతిరాజులుగారు గుళ్లో ఆళ్వార్ల ప్రబంధం చదివే గోష్ఠిలో ముందు వరసలో నిలబడే మనిషి. నవ్వితే దోషం తగులుతుందేమో అన్నట్టుంటారు. ఆ ఆదివారం ఆయన గుడి నుంచి వచ్చేలోపు పని ముగించాలని, మిగతా వాళ్లందరినీ అరటి గుంతల దగ్గరికి తరిమేసి, లాడం మడి నేనొక్కణ్ణే వేశాను. ఇంతకు ముందెప్పుడూ చెయ్యని సొగసులు కూడా చేశాను. తెల్లవారుజామున బావి దగ్గరికి వెళ్లేటప్పుడు పెద్దాయన కాలికి దెబ్బ తగలకూడదని, అంచున పేర్చిన రాళ్లకు తెల్లగా సున్నం కొట్టాను. మధ్యలో నిలబడితే బురద అంటకుండా ఎర్ర ఇటుకలు ఒక వరసగా పరిచాను. కుముదవల్లి నాయనమ్మ రంగనాయకిగారు వచ్చి, మురిసిపోయి, మడి అంతా తన చేత్తో గోరుచిక్కుడు గింజలు నాటింది.

యతిరాజులుగారు వచ్చారు. మడి చుట్టూ తిరిగి, మట్టి పిడికిట్లోకి తీసుకొని వదిలి, "చెయ్యి మంచిదే," అన్నారు. వంటింటి గుమ్మంలో కుముదవల్లి కనుబొమ్మలు ఎగరేసింది. నా గుండె పెనం మీది నీటిచుక్కలా గెంతింది. ఇంక ఎవరీ అబ్బాయి అనడమే తరువాయి.

ఆయన తడి పంచె ఆరేయడానికి మిద్దె ఎక్కారు. తర్వాత పిట్టగోడ మీదినుంచి, అందరినీ పైకి రమ్మన్నారు.

పైకి వెళ్లి కిందికి చూశాను. చేతికంటిన సున్నం వీపు వెనక దాచుకున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా వైష్ణవుల్లో రెండు కలైలు, అంటే శాఖలు, ఉన్నాయి. వడకలై వాళ్ల తెల్లనామం ముక్కు పైన గుండ్రంగా తిరిగి ఆగిపోతుంది. తెంగలై వాళ్ల నామానికి కింద పాదం ఉంటుంది, అది ముక్కు మీదికి దిగుతుంది. ఇద్దరికీ మధ్యలో ఎర్ర గీతే. ఈ పాదం ఉండాలా వద్దా అని మా పెద్దలు తరతరాలుగా కొట్లాడుకున్నారు. యతిరాజులుగారు తెంగలై. నేను వడకలై. ఆయన పెరట్లో, తెల్ల సున్నపు రాళ్లతో, ఎర్ర ఇటుకల గీతతో, పాదం లేకుండా, ఏనుగు నుదుటికైనా పెద్దదయ్యే వడకలై నామం నిగనిగలాడుతోంది.

"మా తాత గుడి ఏనుగుకు ఏ నామం పెట్టాలని చచ్చేదాకా కోర్టు చుట్టూ తిరిగినాడు," అన్నారాయన మెల్లగా. "ఆయన మనవడి పెరట్లో ఇది. నువ్వెవరప్పా? నీ నామం యాడ?"

పొద్దున పెట్టుకున్న నామం చెమటకు ఎప్పుడో కరిగిపోయింది. "వడకలై స్వామీ," అన్నాను.

రాజారత్నం సారు పాపం అడ్డం వచ్చి, అది గుర్రపు లాడమేనని, ప్రతి ఇంట్లోనూ అట్లాగే వేశామని చెప్పారు.

"గుర్రానికి ఎర్ర ఇటుకలెందుకు సారూ?" అన్నారు యతిరాజులుగారు. వెనక ఎవరో, కాబోయే మామకు బాగానే నామం పెట్టినాడని గొణిగారు. కుముదవల్లి నా పక్కగా దిగిపోతూ, "చెయ్యి చూపించమంటే నుదురు చూపించినారే," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

నేను కిందికి వచ్చి పార అందుకున్నాను. రంగనాయకిగారు మడికి అడ్డంగా నిలబడింది. తాను నాటిన గింజల్ని పెళ్లగించేదానికి ఒప్పుకోనని, కావాలంటే తనను కూడా తవ్వి పారేయమని కొడుక్కు చెప్పింది. పైన తాతగారి కోర్టు కేసు, కింద కన్నతల్లి. యతిరాజులుగారు పిట్టగోడ పట్టుకొని కాసేపు నలిగారు.

"అయితే పాదం పెట్టు," అన్నారు.

పెట్టడం అంత సులువు కాదు. పాదం రావలసిన చోట స్నానాల నీళ్ల కాలువ ఉంది. పాదంలోకి స్నానాల నీళ్లా అని ఆయన మండిపడ్డారు. కాలువను అరటి వైపు తిప్పాను. పాదంలో తులసి పెట్టి, ఇంట్లో పెరుమాళ్లకు అభిషేకం చేసిన తిరుమంజనం నీళ్లు పోయవచ్చన్నాను. ఆ మాట ఆయనకు నచ్చినట్టుంది. నామాన్ని తొక్కకూడదు కాబట్టి ఇంక మధ్యలో ఎవరూ నిలబడే వీల్లేదని తేలింది. మరి కాయలెట్లా కోస్తారని రాజారత్నం సారు దిగులుగా అడిగితే, వంగి కోస్తామన్నారు యతిరాజులుగారు.

మిద్దె మీదినుంచి ఇంకా కిందికి, ఇంకా సన్నగా, ఆడ వంపు అంటూ కాసేపు చెప్పి, ఓపిక నశించి ఆయనే దిగొచ్చారు. పంచె ఎగగట్టి నా చేతిలో పార లాక్కున్నారు. ఆయన తవ్వుతారు, నేను రాళ్లు పేరుస్తాను. తవ్వుతూ గోత్రం అడిగారు. నక్షత్రం అడిగారు. నాయన పోయి ఎన్నాళ్లయిందని అడిగారు. వాలంటీర్లంతా ఉప్మా గిన్నెలు పట్టుకొని వరసగా కూర్చొని చూస్తున్నారు.

పాదం పూర్తయ్యాక ఆయన పార ఆనించి నిలబడ్డారు.

"కుముదం మీద నీకు మనసుండాదని మా అమ్మ చెప్తా ఉండాది. నా పెరటికి పాదం పెట్టినావు. నీ నామానికి పెట్టుకుంటావా?"

అవునంటే చాలు. ఒక్క మాట. గుమ్మంలో కుముదవల్లి చూస్తోంది. ఆమె లేని ఆదివారాలన్నీ నాకు ఒక్కసారిగా కనిపించాయి. ప్రాణం పోతున్నట్టే ఉంది.

"పెట్టుకోను స్వామీ. మా నాయన నా చెయ్యి పట్టుకొని దిద్దించిన నామం ఇది. ఆయన ఇప్పుడు లేడు. ఇదొక్కటే ఉండాది."

అంతా అయిపోయిందనుకున్నాను. చేతులు కడుక్కోవడానికి బావి వైపు తిరిగాను. కుముదవల్లి మెట్లు దిగి వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాయనా, నా నుదురు చూడు. ఒక ఎర్ర గీత. దీనికి పాదమూ లేదు, వంపూ లేదు. ఈయన ఇంటికి పోయినా ఇదే గీత పెట్టుకుంటాను. పోతే ఈయన ఇంటికే పోతాను. మద్రాసు వాళ్లను రావొద్దని చెప్పు."

యతిరాజులుగారు కూతుర్ని చూశారు, నన్ను చూశారు.

"మార్చుకుంటానని ఉంటే టిఫిను పెట్టి పంపించేసి ఉందును," అన్నారు. "పిల్ల కోసం నామం మార్చేవాడు రేపు ఇంకేమి మారుస్తాడో ఎవరికి తెలుసు? వాళ్ల అమ్మను పిలుచుకొని రమ్మను."

మంచిరోజు చూసి మా అమ్మను తీసుకెళ్లాను. తెంగలై ఇంటి సంబంధమని దారిపొడవునా మూతి బిగించుకునే ఉంది. యతిరాజులుగారు కాఫీ కూడా ఇవ్వకుండా ముందు మిద్దె మీదికి తీసుకెళ్లి పెరడు చూపించారు. తాత కేసు గెలిచినంత సంతోషంగా, పాదం పెట్టింది మీ అబ్బాయేనమ్మా అన్నారు.

అమ్మ కళ్లజోడు తుడుచుకొని పెట్టుకుంది. పిట్టగోడ మీదికి వంగి చూసింది. ఈ సంబంధం ఇక్కడే తెగిపోతుందని నేను పిట్టగోడను గట్టిగా పట్టుకున్నాను.

"ఎడమ పక్కకు లాగింది," అంది చివరికి. "ఎవరి నామమైతే ఏంరా, దేవుడి పాదం వంకరగా పెడతావా? స్వామీ, ఒక తాడు, రెండు పుల్లలు ఇప్పించండి. సరిచేసి పోతాం."

యతిరాజులుగారు మా అమ్మకు దణ్ణం పెట్టారు. మెట్ల వైపు తిరిగి, తాంబూలం పళ్లెం సిద్ధం చేయమని లోపలికి కేకేశారు. ఇద్దరూ పాదం కొలతల గురించి వాదించుకుంటూ కిందికి దిగిపోయారు.

మిద్దె మీద మేమిద్దరం మిగిలాం. కుముదవల్లి నా పక్కకు వచ్చి, నా చిటికెన వేలు పట్టుకుంది.

"చూసినారా," అంది, "వాళ్లిద్దరూ ఒకే కలై. మనమిద్దరమే వేరే."