మెడలు సరిచేయబడును

వానలకి బోర్డు మీద మొదటి మాట చెరిగిపోయింది. 'గిటార్ మెడలు సరిచేయబడును' అని ఉండాల్సిన చోట 'మెడలు సరిచేయబడును' అని మాత్రమే మిగిలింది. మళ్ళీ రాయించాలని మెకానిక్ రోజూ అనుకుంటాడు. అనుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

ఆ సాయంత్రం సన్నటి జల్లులో ఒకమ్మాయి, తల ఎడమ భుజం మీదికి వాల్చుకుని, షాపులోకి వచ్చింది. అతను ఒక గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లు అరగదీస్తూ తలెత్తి చూడలేదు.

"మెడ పట్టేసిందండీ. కుడివైపుకి రావట్లేదు."

"తీగలు వదులు చేశారా?"

ఆమె కాస్త ఆలోచించింది. "నరాలాండీ?"

"ఎండలో ఏమైనా పెట్టారా?"

"రోజూ ఎండలోనే కదా తిరిగేది."

"సరే, బల్ల మీద పడుకోబెట్టండి. స్క్రూ బిగించి చూద్దాం."

జవాబు రాకపోయేసరికి అతను తలెత్తాడు. ఎదురుగా గిటార్ లేదు. వంకరగా నిలబడ్డ అమ్మాయి, బెదిరిపోయిన రెండు కళ్ళు. సంగతి అర్థమయ్యాక అతనికి బల్ల కింద దూరిపోవాలనిపించింది. ఆమె మాత్రం పడీపడీ నవ్వింది. నవ్వితే మెడ లాగేసింది, మెడ పట్టుకుని మళ్ళీ నవ్వింది.

వాన తగ్గేదాకా కూర్చోమన్నాడు. వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుందట. మెడ ఎలా పట్టేసిందని అడిగితే, రోజూ ఇంటికెళ్ళగానే గిటార్ వాయిస్తానని మామూలుగా చెప్పింది. అతనికి అనుమానం వచ్చింది. మర్నాడు దాన్ని తెమ్మన్నాడు.

తెచ్చింది. అతను ఒక కన్ను మూసి గిటార్ మెడ పొడుగునా చూశాడు. పిండిన తువ్వాలులా ఎడమవైపుకి మెలి తిరిగి ఉంది. దానికి తగ్గట్టు ఆమె ఇన్నాళ్ళూ తల వాల్చుకునే వాయిస్తోంది.

"మీ మెడ తప్పేం లేదండీ. దీన్ని చూసి నేర్చుకుంది, అంతే."

ఈసారి ఆమె నవ్వలేదు. వడ్రంగి పని చేసే వాళ్ళ నాన్న తలుపులూ కిటికీలూ పక్కనపెట్టి, కూతురి కోసం చేసిన ఒకే ఒక్క గిటార్ అది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తాడట. అది వంకరని ఎలా చెప్పడం?

"చెప్పలేక నేనే వంగానండీ," అంది.

మెకానిక్ మనసు పారేసుకున్నది అప్పుడే. నిన్నటి నవ్వు దగ్గర కాదు, ఈ మాట దగ్గర.

నాన్న వేరే ఊళ్ళో పనికెళ్ళాడనీ, ఆయన వచ్చేలోగా ఆయనకి తెలియకుండా సరిచేయాలనీ అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. వేడి ఎక్కువైతే జిగురు ఊడుతుంది, తక్కువైతే చెక్క మాట వినదు. చీలినా చీలొచ్చు. ఆమె గిటార్ని ఒకసారి నిమిరింది.

"ఆయన చేతిపనండీ. మెల్లగా చెయ్యండి."

మెల్లగానే చేశాడు. తీగలు విప్పి, కాచిన ఇనప పట్టీతో మెడని వెచ్చబెట్టి, మెలికి ఎదురుగా క్లాంపులు బిగించి, చల్లారాక కూడా అలాగే వదిలేశాడు. రోజూ షాపు మూయగానే ఆమె వచ్చి స్టూలు మీద కూర్చునేది. అతని బల్ల ఆమెకి కుడివైపు. మొదట్లో అతన్ని చూడాలంటే స్టూలుతో సహా తిరిగేది. తర్వాత భుజం తిప్పితే సరిపోయింది.

వెచ్చటి చెక్క వాసన, అద్దం మీద జారే చినుకులు, ఎవరూ తొందరపడని సాయంత్రాలు. ఒకసారి టప్పున చప్పుడైంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. విరిగింది స్టూలు కాలు.

క్లాంపులు విప్పి, ఫ్రెట్లు సమం చేసి, తీగలు కట్టిన రోజున వాళ్ళ నాన్న రానే వచ్చాడు. పని ముందే అయిపోయింది, ఇంట్లో మేకుకి గిటార్ లేదు, గిటార్లు బాగుచేసే షాపు ఎక్కడని అడుగుతూ వెతుక్కుంటూ వచ్చాడు. కూతురి మొహం పాలిపోయింది. ఆయన గిటార్ అందుకుని, ఒక కన్ను మూసి, పొడుగునా చూశాడు.

"నేను ఊరెళ్ళేటప్పుడు ఇలా లేదే. మెలి ఉండేది."

"నీకు తెలుసా నాన్నా?"

"చెక్క ఆరకముందే తొందరపడ్డానమ్మా. వారం తిరక్కుండానే కనిపించింది. నువ్వు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకునేదానివి. ఏమని చెప్పను?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఆమె గిటార్ తీసుకుని, మొదటిసారి తల నిలబెట్టి వాయించింది. పాట వానలో కలిసి వీధిలోకి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న కళ్ళు తుడుచుకుని, కంట్లో రంపపు పొట్టు పడిందన్నాడు. ఆ షాపులో ఆ రోజు రంపం పెట్టనే లేదు.

వెళ్ళబోతూ బోర్డు చూసి, కొత్తది చేసిస్తానన్నాడు, ఈసారి బాగా ఆరిన చెక్కతో. అలాగే ఉండనీ నాన్నా, అంది కూతురు. అనేటప్పుడు ఆయన్ని చూడలేదు, మెకానిక్ బల్లవైపు చూసింది.

"గిటార్ మెడ బాగైంది, సరే. మరి నీ మెడ ఇందాకట్నుంచీ కుడివైపే ఉండిపోయిందేం?" అన్నాడాయన.

అయినా ఆమె తల తిప్పుకోలేదు.

"ఏం బాబూ, దీనికేమైనా రిపేరుందా?"

మెకానిక్ చేతిలోని తీగ పక్కన పెట్టాడు. "నాకు చేతకాదండీ. అలాగే ఉండిపోతే బాగుండునని ఉంది."

ఆయన కూతుర్నీ చూశాడు, అతన్నీ చూశాడు. కొత్త కాలు వేసిన స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"వాన తగ్గేదాకా ఇక్కడే ఉంటాను. మీరు మాట్లాడుకోండి," అని తన మెడ గోడవైపుకి తిప్పుకున్నాడు.