ఎనభై దగ్గర ఆగిన ముల్లు

ఆ జనవరి ఉదయం చలి సున్నాకు ముప్పై డిగ్రీలు కింద ఉంది. అయినా మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో టోలెఫ్‌సన్ వాళ్ల షెడ్డులోంచి పధ్నాలుగు స్కూల్ బస్సులూ వేళకే బయలుదేరాయి. వాటిలో ఎనిమిది కొత్తవి, ప్రొపేన్ గ్యాస్‌తో నడిచేవి. తాళం తిప్పగానే అలవోకగా కదిలిపోయాయి. మిగిలిన ఆరు డీజిల్ బస్సుల్ని కదిలించడానికి మాత్రం ఆ ఇంటి కొడుకు వెర్లిన్ నాలుగింటికే లేచాడు.

పాతికేళ్లుగా అదే అతని పని. చలికి డీజిల్ మైనంలా గడ్డకడితే ఏ గొట్టాన్ని ఎంత వేడిచెయ్యాలో, ఏ బస్సు ఎన్నో ప్రయత్నానికి లొంగుతుందో ఆ చుట్టుపక్కల అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "వెర్లిన్ లేకపోతే మనూళ్లో బడే లేదు" అని ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ తాగుతూ జనం అనేవారు. ఈ చలికాలం ఆ మాట ఎవరూ అనలేదు. అందరి నోటా సిగ్నీ పేరే.

సిగ్నీ అతనికంటే పదేళ్లు చిన్నది. ఆఫీసులో కూర్చుని ఏ బస్సు ఏ దారిన పోవాలో రాసే చెల్లెలు. డీజిల్ మానేసి గ్యాస్‌కు మారదామని రెండేళ్లు తండ్రి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఒప్పించింది. ఆగస్టులో పాస్టరుగారు కొత్త బస్సుల్ని ఆశీర్వదిస్తుంటే తండ్రి ఆర్విడ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ చెయ్యి ఇంకా వెర్లిన్ కళ్లలో గుచ్చుకుంటూనే ఉంది.

ఏడున్నరకి అందరూ బల్ల దగ్గర చేరారు. ఆర్విడ్ తల వంచి ప్రార్థన చేశాడు. వెర్లిన్ పెదవులు కదిపాడు గానీ 'ఆమెన్' గొంతు దాటలేదు. తోడబుట్టిన దాన్ని చూసి కుళ్లుకునేవాడి ప్రార్థన దేవుడు వింటాడా? ఆ సందేహం అతనికి ఈమధ్య తరచుగా వస్తోంది.

"మా చెల్లాయి బస్సులు ఇవాళ పక్కమీదికే కాఫీ తెమ్మన్నాయా?" అన్నాడు.

"లేదన్నయ్యా, నీలా సణుక్కోకుండా లేచి పనికి పోయాయి," అంది సిగ్నీ.

వెర్లిన్ భార్య లవాన్ అతని పళ్లెంలో పాన్‌కేకు పడేసి, "నోటికి పని చూపించు ముందు," అంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆర్విడ్ చాలాసేపు విన్నాడు. పెట్టేశాక మళ్లీ ఫోర్కు ముట్టుకోలేదు.

"బడి తరఫున బస్సుల వ్యవహారం చూసే హాగన్ గారు. గ్యాస్ బస్సులకు ట్యాంకులు నింపకుండానే పంపుతున్నామని నిన్న ఎవరో ఫోన్ చేసి చెప్పారట. పిల్లలు మంచులో దారిమధ్య చిక్కుకుంటే ఎవరిది పూచీ అంటోందావిడ. సంగతి తేలేదాకా వచ్చే ఏటి ఒప్పందం మీద సంతకం పెట్టదట."

సిగ్నీ ముఖం పాలిపోయింది. "ఎవరు చెప్పారు?"

"నేనే," అన్నాడు వెర్లిన్.

లవాన్ గరిటె పక్కన పెట్టింది.

"వారం రోజులు చూశాను. ఎనిమిది బస్సులకూ ట్యాంకు మీటరు ముల్లు నూటికి ఎనభై దగ్గరే ఆగిపోతోంది. నీ పంపు పాడైపోయింది, లేదా ఖర్చు తక్కువని నాన్నకి చూపించుకోవడానికి నువ్వే నింపనివ్వడం లేదు."

"నన్ను అడగొచ్చుగా!"

"నిన్నా? గ్యాస్ బండల మీద పిల్లల్ని ఊరేగించే మహారాణిని?"

సిగ్నీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అన్నయ్యా, దానికి నిండటమంటే అదే. వేడెక్కితే ఆ గ్యాస్ పొంగుతుంది. పొంగడానికి చోటుండాలని ట్యాంకు దానంతట అదే ఎనభై దగ్గర ఆపేస్తుంది. శిక్షణలో మొదటి రోజు చెప్పే మాటే ఇది. నీ పేరే ముందు రాయించాను. నువ్వు చేపలు పట్టడానికి పోయావు."

వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. పాతికేళ్లు ట్యాంకు మూతిదాకా డీజిల్ పోసిన చేతులు అతనివి. నిండకుండా నిండటం అనేది ఒకటుంటుందని వాటికి తోచలేదు.

"సరే, నాకు తెలీదు!" అని అరిచాడు. "కానీ నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండుతోంది సిగ్నీ. చలిలో వేళ్లు కొంకర్లు పోయేదాకా పనిచేశాను. నాన్న ఒక్కనాడు కూడా నలుగురిలో నన్ను దగ్గరికి తీసుకోలేదు."

"నీకు అదొక్కటే లోటు," అంది సిగ్నీ. "నా సంగతి తెలుసా? చిన్నప్పుడు తెల్లారకముందే కిటికీ దగ్గర నిలబడేదాన్ని. నువ్వూ నాన్నా షెడ్డుకి పోతుంటే నేనూ వస్తానని ఏడ్చేదాన్ని. ఆడపిల్లవి, పడుకో అనేవాడు నాన్న. మీరిద్దరూ ఒంటినిండా డీజిల్ వాసనతో నవ్వుకుంటూ తిరిగొచ్చేవారు. ఆ వాసనంటే నాకెంత కుళ్లో! నా చేతుల మీదుగా కూడా బస్సు నడవాలని ఇదంతా చేశాను. నిన్ను బయటికి తోసెయ్యాలని కాదు."

ఆర్విడ్ కుర్చీ కొడుకు దగ్గరికి జరుపుకున్నాడు.

"పక్కనే ఉన్నవాడికి వేరే చెప్పాలా అనుకున్నాన్రా, వెర్లిన్. అది నా తప్పు. దీన్ని కిటికీ దగ్గర వదిలెయ్యడం అంతకంటే పెద్ద తప్పు. ఇద్దరూ నా బిడ్డలే. ఇద్దర్నీ ఆకలితో ఉంచాను." ముసలాయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

వెర్లిన్ లేచి ఫోన్ తీసుకున్నాడు. హాగన్ గారి నంబరు నొక్కాడు.

"హాగన్ గారూ, వెర్లిన్‌ని. నిన్న నేను చెప్పింది తప్పు. ట్యాంకులు నిండుగానే ఉన్నాయి. నాకే తెలియలేదు." అవతలావిడ ఏదో అడిగింది. "సోమవారం రండి, చూద్దురుగాని. చూపించేదెవరంటారా? మా చెల్లెలు. ఆ బస్సుల సంగతి ఆమెకే తెలుసు." ఒక్క క్షణం ఆగి, సిగ్నీ వైపు తిరిగాడు. "నేనూ అక్కడే ఉంటానండీ. తన పక్కన నిలబడి నేర్చుకుంటాను."

సిగ్నీ మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.