పెనం చుట్టూ రెండు వేళ్ల సందు

పెరటి షెడ్డులో ఐవర్ పెనం మీద మొదటి అట్టు పోసి గ్రిల్ మూత దించాడో లేదో, పక్కింటి కంచె మీంచి ఒకమ్మాయి దూకింది. చేతిలో మంటలార్పే ఎర్రటి సిలిండర్.

"పక్కకి తప్పుకోండి!"

"ఎవరండీ మీరు?"

"ముందు తప్పుకోండి, తర్వాత చెబుతా!"

ఆ గొంతు విని తప్పుకోని మగాడు ఆస్టోరియా ఊళ్లో ఉండడు. ఐవరూ తప్పుకున్నాడు. ఆమె ఒక చేత్తో మూత ఎత్తి, రెండో చేత్తో సిలిండర్ నొక్కింది. బుస్సుమంది. మరుక్షణం అట్టు, పెనం, గ్రిల్, ఐవర్ ఎడం చెయ్యి, ఉతికిన చొక్కా, అన్నీ పిండిమరలోంచి తీసినట్టు తెల్లబడ్డాయి.

"హమ్మయ్య," అందామె.

"ఏం హమ్మయ్య? మంటే లేదు."

"ఇంత పొగ మంట లేకుండానే వచ్చిందా? మీ షెడ్డు కప్పు కూడా కనబళ్ళేదు నాకు."

"ఇది పెల్లెట్ గ్రిల్ అండీ. లోపల కాలేది చెక్క గుళికలు. పొగ రావడం దాని డ్యూటీ."

"మరి ఓవర్‌టైమ్ చేస్తోందేం?"

ఐవర్ కళ్లు చికిలించాడు. అతని కనురెప్పల మీద తెల్లటి పొడి. ఆమె దాన్ని చూసి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది గానీ లాభం లేకపోయింది. కొలంబియా నది మీంచి గాలివాటుకి షెడ్డులోకి చినుకులు మొదలయ్యాయి. అవీ ఆమె పక్షమే అన్నట్టు, పొడిని ముద్దచేసి అతని చెంపల మీదికి జార్చాయి.

వంటింటి తలుపు తెరుచుకుంది. ఐవర్ తల్లి హెల్మీ బయటికి తొంగిచూసింది.

"ఒరేయ్, ఎవర్రా ఆ అమ్మాయి?"

"ఫైర్ డిపార్ట్‌మెంటమ్మా."

"అయితే మాత్రం వానలో నిలబెట్టి పోట్లాడతావా? లోపలికి పిలువు. అట్లు అయ్యాయా?"

"అయ్యాయి," అన్నాడు ఐవర్, తెల్లటి పెనం వైపు చూస్తూ. "పూర్తిగా అయిపోయాయి."

ఆమె పేరు టెస్సా గ్రేడీ. స్కూలు బస్సు నడుపుతుంది. ఫైర్ స్టేషన్‌లో వాలంటీరు. పక్కింటి పర్విస్ గారి మేడగదిలో అద్దెకు దిగి నెల కూడా కాలేదు. హెల్మీ పోసిచ్చిన కాఫీ తాగుతూ ఇవన్నీ చెప్పి, చివర్లో తల దించుకుంది.

"ఆంటీ, నిజంగా సారీ. మీ అబ్బాయి గ్రిల్ పాడుచేశాను."

"వాడే పాడుచేసుకునేవాడులేమ్మా. నువ్వు కాస్త ముందొచ్చావంతే."

"అమ్మా!"

అసలు సంగతి ఇదీ. హెల్మీ మళ్లీ పెళ్లి చేసుకుంటోంది. వరుడు రాయ్ టాన్సీ, ఓడల్ని లాగే టగ్‌బోటు కెప్టెన్‌గా రిటైరైన పెద్దమనిషి. పెళ్లి ఈ ఇంటి పెరట్లోనే. విందులో తన అమ్మమ్మ పోసే పల్చటి ఫిన్నిష్ అట్లు ఉండాలని హెల్మీ కోరిక. "ఎంతమంది వచ్చినా నేనే పోస్తాను" అని ఐవర్ మాటిచ్చేశాడు. అతను పడవల యార్డులో వెల్డరు. గ్రిల్‌లో కమ్మీలు తీసేసి ఆ జాగాలో సరిపోయేలా ఉక్కుపలక కోసి, అంచులు నున్నగా అరగదీసి, నూనె పట్టించి కాల్చి, పెనం తనే తయారుచేసుకున్నాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి అతికినట్టు కూర్చుంది. కాగితం దూరే సందు కూడా లేదని యార్డులో అందరికీ చెప్పుకున్నాడు.

మర్నాడు సాయంత్రం టెస్సా వ్యాక్యూమ్ క్లీనరు మోసుకొచ్చింది. ఆ పొడి ఇనుమును తినేస్తుంది కాబట్టి మూలమూలా లాగెయ్యాలి. ఇద్దరూ గ్రిల్‌లో తలలు దూర్చి పనిచేస్తుంటే, ఐవర్ ఉన్నట్టుండి పలక పైకెత్తి పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"నేనెంత తెలివిగలవాణ్ణో ఇప్పుడే తెలిసింది. నిప్పు కింద. పొగగొట్టం పక్కన. మధ్యలో నా పలక. పొగ ఎటు పోవాలి?"

"మరి నేనే దానికి ఊపిరాడకుండా చేశానని నిన్నంతా నన్ను తిట్టుకున్నారు!"

"తిట్టలేదే!"

"మనసులో తిట్టారు. మీ మొహం అద్దంలాంటిదండీ, అన్నీ కనిపిస్తాయి."

ఐవర్ గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాడు. అందులో అప్పటికే తిట్లు కాకుండా వేరే ఏదో కనిపిస్తుందని అతనికి అనుమానం.

పలకని యార్డుకి తీసుకెళ్లి నాలుగు వైపులా రెండేసి వేళ్ల సందు వచ్చేలా కోసి తెచ్చాడు. ఇక రోజూ సాయంత్రం రిహార్సల్. టెస్సా బస్సు దించేసి నేరుగా వచ్చేది. ఏవో కారణాలు చెప్పేది: గుళికల సంచి మొయ్యడానికి సాయం, ఫైర్ సేఫ్టీ, ఆంటీతో పని. మూడోరోజుకి కారణాలు చెప్పడం మానేసింది. ఆ వారం తిరిగేసరికి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

"మూత మూసి బాగా వేడెక్కనీ. తొందరపడకు."

"పెనం నాది, పెత్తనం నీదా?"

"సిలిండర్ నాది మరి."

మూత ఎక్కువసేపు తెరిచి ఉంచితే గ్రిల్ మోసపోతుందని ఆ రోజుల్లోనే తెలుసుకున్నారు. చల్లగాలి తగలగానే దాని లోపలి మరకి చలేసినట్టుంటుంది. నిప్పు తగ్గిందనుకుని గుళికలు నెడుతూనే ఉంటుంది. అందుకే పొయ్యడం, మూత వెయ్యడం, తీసి తిప్పడం, మళ్లీ వెయ్యడం. మధ్యలో పోసినవి ముందు కాలుతాయి, అంచున పోసినవి నిదానంగా. ఐవర్ అంచుల దగ్గరే ఎక్కువ పోసేవాడు. అవి కాలేదాకా కబుర్లు చెప్పుకోవచ్చు.

ఒక సాయంత్రం షెడ్డు రేకుల మీద వాన దంచుతుంటే, అట్టులో స్ట్రాబెర్రీ జామ్ పెట్టి మడిచి తింటూ టెస్సా అడిగింది.

"నువ్వెప్పుడూ ఈ ఊరు దాటి వెళ్లాలనుకోలేదా?"

"నాన్న పోయాక అమ్మ ఒక్కతే అయిపోయింది కదా. ఎలా వెళ్తాను?"

"ఇప్పుడు కెప్టెన్ గారున్నారుగా."

"ఆఁ, ఉన్నారు." అతను అట్లకాడతో పెనం మీద లేని ముక్కని గీకాడు. "ఇంతకాలం ఎవరడిగినా అదే చెప్పేవాణ్ణి. ఇక కొత్త సాకు వెతుక్కోవాలి."

టెస్సా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆమె పెదవి పక్కన జామ్ అంటుకుని ఉంది. చెప్పాలా, తుడవాలా అని ఐవర్ ఆలోచిస్తుండగానే అట్టు మాడింది.

పెళ్లికి ముందురోజు పర్విస్ గారు కంచె దగ్గర నిలబడి పలకరించారు.

"ఏం బాబూ, గది ఖాళీ అవుతోంది. మీ యార్డులో ఎవరైనా మంచి కుర్రాడుంటే చెప్పు."

"ఏ గది?"

"టెస్సా గదే. బెండ్ అనే ఊళ్లో జీతం మీద ఫైర్‌ఫైటర్ ఉద్యోగం వచ్చిందిగా, కొండలవతల. పై నెల వెళ్లిపోతోంది. నీకు చెప్పలేదూ?"

ఐవర్ తల ఊపి వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రం టెస్సా వచ్చేసరికి గ్రిల్ మీద కవరు కప్పేసి ఉంది.

"ఇవాళ రిహార్సల్ లేదా?"

"అక్కర్లేదు. నేర్చుకోవాల్సింది నేర్చేసుకున్నాను."

"ఏంటా మాట? ఏమైంది?"

"ఏమీ కాలేదండీ."

"అండీనా?" ఆమె అతని మొహంలోకి చూసింది. మొదటిసారి అందులో ఏమీ కనిపించలేదు. తలుపేసిన ఇల్లులా నిలబడ్డాడు ఐవర్. ఆమె వెనక్కి తిరిగి, ఈసారి కంచె దూకకుండా గేటులోంచి నడిచి వెళ్లింది.

పెళ్లిరోజు ఆకాశం మూతేసినట్టుంది. టార్పాలిన్ కింద హెల్మీ, రాయ్ కెప్టెన్ ప్రమాణాలు చేశారు. ముసలి కెప్టెన్ ఉంగరం తొడుగుతూ ఏడ్చేశాడు. హెల్మీయే అతని కళ్లు తుడిచింది. చప్పట్లు మోగాయి. అంతలోనే వాన ఊపందుకుంది. జనమంతా ప్లేట్లు పట్టుకుని షెడ్డు వైపు నడిచారు.

ఐవర్ అట్లు పోస్తున్నాడు గానీ కళ్లు గేటు మీదే ఉన్నాయి. నీలం గౌను మీద రెయిన్‌కోటు వేసుకుని టెస్సా ఆ గేటు దగ్గరే, కెప్టెన్ చెల్లెలితో మాట్లాడుతోంది. ఇటు చూడటం లేదు. ఇతను పోస్తున్నాడు, చూస్తున్నాడు, పోస్తున్నాడు. మూత సంగతే మర్చిపోయాడు. నదిగాలి తిన్నగా పెనం మీదికి కొడుతోంది. కింద మర పాపం చలనుకుని గుళికలు నెట్టీ నెట్టీ నిప్పుగిన్నెని పొర్లించేసింది. నిప్పు ఆ గుట్ట కింద పడి ఊపిరాడక చచ్చింది. పెనం మీద పిండి పిండిలాగే ఉండిపోయింది. పసుప్పచ్చటి చిక్కటి పొగ మాత్రం షెడ్డంతా కమ్మేసింది.

"అయ్యో, అట్లు!" అన్నారెవరో.

పొగలోంచి నీలం గౌను వచ్చింది. చేతిలో సిలిండర్ లేదు, అతని వెల్డింగ్ గ్లోవ్స్ ఉన్నాయి.

"స్విచ్ ఆపు. మూత అలాగే తెరిచి ఉంచు. అందరూ కాస్త ఇంట్లోకి వెళ్లండి, కాఫీ ఉంది!" జనం వెళ్లారు. ఆ గొంతుకి ఆస్టోరియాలో ఎదురులేదు కదా. ఆమె ఐవర్ వైపు తిరిగింది. "ఇక పెనం చల్లారాలి, గిన్నె తోడాలి, మళ్లీ వెలిగించాలి. అప్పటిదాకా నువ్వెక్కడికీ పోలేవు. ఇప్పుడు చెప్పు. నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నాకు చెప్పలేదంతే. బెండ్ సంగతి."

టెస్సా మొహం పాలిపోయింది. "ఎవరు చెప్పారు?"

"పర్విస్ గారు. గదికి కుర్రాణ్ణి వెతికిపెట్టమన్నారు కూడా."

"ఐవర్, ఆ ఉద్యోగం కోసం ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నాను. నేనిక్కడికి రాకముందే పరీక్ష రాశాను. రోజూ నీకు చెబుదామనే వచ్చేదాన్ని. రోజూ నువ్వొక అట్టు చేతిలో పెట్టేవాడివి. అది తింటూ ఎలా చెప్పను, వెళ్లిపోతున్నానని?"

"అయితే తప్పు అట్టుదా?"

"సగం దానిదే." ఆమె నవ్వబోయింది, కళ్లు ఒప్పుకోలేదు. "చెబితే నువ్వు 'మంచిది, వెళ్లు' అంటావని భయం. నీ మర్యాద నాకు తెలుసు."

వాన రేకుల మీద మోగుతోంది. ఐవర్ పెనం తీసి గోడకి ఆనించాడు. మసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పెళ్లికని కొన్న ప్యాంటది.

"వెళ్లు అనే అంటాను. వెళ్లొద్దంటే నేను మనిషినే కాను. కానీ వెళ్లేముందు ఒకటి విను. నువ్వు కంచె దూకిన రోజు నుంచి నాకు పొద్దున్న లేవగానే సాయంత్రం ఎప్పుడవుతుందా అనే ఉంటోంది. నాకు నువ్వంటే ఇష్టం టెస్సా. మామూలుగా కాదు. రెండు అట్లు పోస్తే ఒకటి మాడ్చేంత ఇష్టం."

ఆమె గ్లోవ్స్ తొడుక్కుని, వంగి, నిప్పుగిన్నెలోంచి గుళికలు ఇనపబకెట్లోకి తోడటం మొదలుపెట్టింది. 

"ఏమైనా అను!"

"ఆగు, ఏడుస్తున్నాను. పొగ వల్ల కాదు."

"ఒరేయ్ ఐవర్!" వంటింటి గుమ్మంలో పెళ్లిబట్టల్లో హెల్మీ. కిటికీ తెరిచే ఉందని ఐవర్‌కి అప్పుడు తెలిసింది. "అక్కడితో ఆపావేంరా? ఆ బెండ్‌లో వెల్డర్లు అక్కర్లేదా?"

"అమ్మా, నువ్వు..."

"నాకేం? నాకు నా కెప్టెన్ ఉన్నాడు. ఇన్నేళ్లు నువ్వు నన్ను కనిపెట్టుకుని ఉన్నావు. ఇక నీ బతుకు నువ్వు చూసుకో నాన్నా. నేను చెబుతున్నాను, వెళ్లు. నువ్వు ఇక్కడే ఉంటే నాకు దిగులు, తెలుసా?"

 తల్లి వచ్చి, మసీ పిండీ చూడకుండా అతని నుదుటి మీద ముద్దుపెట్టి, టెస్సా తల నిమిరి, "నా అతిథులు ఆకలితో ఉన్నారు, త్వరగా కానివ్వండి" అంటూ లోపలికి వెళ్లిపోయింది. కిటికీ మాత్రం మూయలేదు.

నిప్పు మళ్లీ రాజుకుంది. పెనం తిరిగి పెట్టి మూత దించారు. వేడెక్కేదాకా పని లేదు. ఐవర్ ఆమె చేతి గ్లోవ్ మెల్లగా లాగి తీశాడు.

"ఏం టెస్సా, ఆ ఊళ్లో పడవలుండవు కదా. నాలాంటివాడికి పని దొరుకుతుందంటావా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఏంటి?"

"నవ్వనంటే చెబుతాను."

"నవ్వను."

"పోయినవారం ఇల్లు వెతకడానికి బెండ్ వెళ్లినప్పుడు, అక్కడ ఒక వెల్డింగ్ షాపు కనిపించింది. లోపలికెళ్లి అడిగాను. మనిషి కావాలన్నారు." ఒక్క క్షణం ఆగి నేల చూపులు చూసింది. "ఎవరికమ్మా అని అడిగితే, ఏం చెప్పాలో తెలియక, మా ఆయనకి అనేశాను."

ఐవర్ మాట నిలబెట్టుకోలేకపోయాడు. షెడ్డు అదిరేలా నవ్వాడు. ఆమె ఆ నవ్వు ఆపడానికి రెండు చేతులతో అతని కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నవ్వు ఆగింది. చాలాసేపు ఆగింది.

కిటికీలోంచి కెప్టెన్ ఖంగున దగ్గాడు.

"పిల్లలూ, పెనం వేడెక్కినట్టుంది!"

"వేడెక్కనీండి కెప్టెన్ గారూ," అన్నాడు ఐవర్, ఆమె భుజం మీంచి తల ఎత్తకుండానే. "మూత వేసే ఉంది."