అర నిమిషం నాడి

కేసు మొదలయ్యేసరికి షావుకారు చేతిలో ఉన్న పెట్టుబడి ఏమంత గొప్పది కాదు. ఏడుపు ఆపుకోలేని ఒక నర్సు, ఆమె సంతకం ఉన్న ఒక ఫారం నకలు, సాయంత్రం నాలుగింటి దాకా గడువు. అప్పటికే ఉదయం తొమ్మిదిన్నర.

షావుకారు ఇరవై ఏళ్లు ఇనుప సామాను అమ్మాడు. తూకాల్లో మోసాలు పట్టీ పట్టీ చివరికి మోసాలు పట్టడమే వృత్తిగా పెట్టుకున్నాడు. దుకాణం పోయినా ఆ పిలుపు మిగిలింది. అతనికి సహాయకురాలు భార్య చెల్లెలే. పాతికేళ్లు టైపిస్టుగా చేసిన మనిషి. బావ తెలివి మీద ఆమెకు ఎంత గురో, ఆయన్ని ఆటపట్టించడంలో అంత సరదా.

"ముందు మంచినీళ్లు తాగమ్మా. తర్వాత మొదటినుంచీ చెప్పు," అన్నాడు షావుకారు.

నర్సు చెప్పింది. వాళ్ల ఆసుపత్రిలో రెండు బీటా బ్లాకర్ మందులను పోల్చి చూసే పరిశోధన నడుస్తోంది. రెండూ గుండె వేగం తగ్గించి రక్తపోటును అదుపులో పెట్టేవే. ఒకటి పాతది, ఒకటి కొత్తది. మాత్రలు చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, సీసా మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. ఎవరికి ఏది పడుతోందో రోగులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. ఆ వివరం ఉన్న కవరు సీలు వేసి మందుల గది బీరువాలో పెట్టారు. ఎనభై మంది వారానికోసారి వస్తారు. నర్సు నాడి, రక్తపోటు చూసి ఫారం నింపి డాక్టర్ల పెట్టెలో వేస్తుంది. అది చూసి వాళ్లు మందు కొనసాగించాలో ఆపాలో మందుల గదికి చీటీ పంపుతారు.

"నాడి యాభై కంటే తగ్గితే ఆ మనిషిని పరిశోధన నుంచి తీసెయ్యాలి సార్. అలా ఐదుగురైతే మొత్తం పరిశోధనే ఆపి చూడాలి. ఇప్పటికి నలుగురయ్యారు."

"మరి నీ మీదకి ఏమొచ్చింది?"

"నలభై ఒకటో నంబరు, రిటైరైన బస్సు డ్రైవరు. మొన్న ఆసుపత్రి మెట్ల మీదే కూలిపోయాడు. నాడి ముప్పై ఆరు. ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు. వారం కిందట నేను చూసినప్పుడే నలభై ఆరు ఉంది సార్! అర నిమిషానికి ఇరవై మూడు కొట్టుకుంది. ఎప్పటిలాగే రెండింతలు చేసి నలభై ఆరని రాశాను. ఇప్పుడు ఫారం తీస్తే అరవై మూడు అని ఉంది. పేషెంటును ముట్టుకోకుండా అంకెలేశావంటున్నారు. నాలుగింటికి కమిటీ. నా లైసెన్సు పోతుంది. ఆ డ్రైవరుకేమైనా అయితే జైలుకే పోతాను."

"సంతకం నీదేనా?"

"నాదే."

"నువ్వు రాయని కాగితం మీద నీ సంతకం ఎలా వచ్చింది? నా దగ్గర దాస్తే నష్టం నీకే."

నర్సు చాలాసేపు పైటకొంగు నలిపింది. "సోమవారం పొద్దున్నే ఫారాల పుస్తకం మొత్తానికి ముందే సంతకాలు పెట్టేస్తాను సార్. లైను పెద్దది. కొంచెం టైము కలిసొస్తుందని..."

"బాగుంది! తలుపుకి తాళమేసి, చెవి గుమ్మానికే తగిలించావన్నమాట," అంది మరదలు.

షావుకారు లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆసుపత్రిలో నర్సు బల్ల కిటికీ పక్కన ఉంది. సొరుగుకు తాళం లేదు. షావుకారు ఫారాల పుస్తకం తీసి కాగితం వెనక వేలితో నిమిరాడు. అక్షరాలు గింజల్లా చేతికి తగిలాయి.

"కాగితం మీద ఇంత పగేంటమ్మా?"

"కార్బన్ పెట్టి మూడు కాపీలు రాసే వార్డులో పదేళ్లు చేశాను సార్. ఆ అలవాటు పోలేదు."

డాక్టర్ల పెట్టెను తెరిచేవాళ్లు ముగ్గురే. షావుకారు ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి, కంగారుగా ఉందంటూ చెయ్యి చాపాడు.

మందుల గది పెద్దాయన మిలటరీ ఆసుపత్రిలో పనిచేసి వచ్చినవాడు. పావు నిమిషం లెక్కపెట్టి, "పద్దెనిమిది. నాలుగింతలు డెబ్బై రెండు. నీకేం రోగం లేదయ్యా, ఊరికే బెంగ," అన్నాడు.

పరిశోధనకు పెద్ద అయిన డాక్టరమ్మ అర నిమిషం చూసి డెబ్బై నాలుగని చెప్పింది. "ఆ డ్రైవరు బతికితే చాలండి, మిగతాది తర్వాత," అని మొహం తుడుచుకుంది.

చిన్న డాక్టరు మాత్రం షావుకారు వేలికి ఒక క్లిప్పు తగిలించాడు. "డెబ్బై మూడు. మణికట్టు పట్టుకుని లెక్కపెట్టే రోజులు పోయాయండీ. చదువు అయ్యాక నేనెవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆ సిస్టరు గొడవంతా ఆ పాత పద్ధతి వల్లే."

అతని బల్ల మీద చేత్తో రాసిన కాగితాల కట్ట ఒకటి ఉంది.

"ఏంటి సార్ ఇది?"

"వచ్చే నెల డాక్టర్ల మహాసభలో నా ప్రసంగం. కొత్త మందు ఎంత మేలో మొదట చెప్పబోయేది నేనే. ముగింపు కూడా రాసేశా."

"లెక్క తేలకముందే?"

"తేలబోయేది తెలుస్తూనే ఉందిగా!"

"మాలాంటి వాళ్లకి అర్థమవుతుందా? ఓసారి ఇస్తే చదువుకుంటా."

చిన్న డాక్టరు మురిసిపోయి కట్ట చేతిలో పెట్టాడు.

రికార్డుల గదిలో మరదలు ఫారాల్లోని నాడి అంకెలు చదవసాగింది. షావుకారు కళ్లు మూసుకుని విన్నాడు. డెబ్బై ఎనిమిది, అరవై ఆరు, యాభై ఎనిమిది... రెండు గంటలు గడిచాయి.

"అరవై ఒకటి."

"ఆగు. ఎవరిది?"

"పంతొమ్మిదో నంబరు. ఏంటి బావా, నిద్రపోతున్నావనుకున్నా."

ఇంకో గంటకి మరొకటి దొరికింది. అరవై ఎనిమిదో నంబరు మనిషికి యాభై ఏడు. మిగిలిన వందల ఫారాల్లో అలాంటిది ఇంకొక్కటీ లేదు. షావుకారు ఆ ముగ్గురి తర్వాత నింపిన ఫారాలు తీసి వాటి మీద పెన్సిలుతో ఏదో చేశాడు. పెన్సిలు పడేసి నర్సు వైపు తిరిగాడు.

"ఈ ఇద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారమ్మా?"

"ఇళ్లలోనే," అంది నర్సు.

"అయితే ఇప్పటికీ ఆ మాత్రలు మింగుతూనే ఉన్నారు. వాళ్లూ డ్రైవరు దారినే పోతున్నారు!"

డాక్టరమ్మ పరుగున వచ్చి ఫోన్లు చేసింది. పంతొమ్మిదో నంబరు భార్య ఎత్తి, "రెండ్రోజుల నుంచీ కళ్లు తిరుగుతున్నాయంటున్నారు, వయసు కదా అనుకున్నాం," అంది. వెంటనే తీసుకురమ్మన్నారు. అరవై ఎనిమిదో నంబరు, బట్టలు కుట్టే ఒంటరి ఆడమనిషి, ఫోను ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. గడియారం మూడున్నర చూపిస్తోంది.

"ఆవిడ ఇల్లు నాకు తెలుసు. సందులో సందు, అంబులెన్సు వాళ్లకి దొరకదు," అంది నర్సు. అంతలోనే ఆగింది. "నాలుగింటికి నేను లేకపోతే..."

"నీ తరఫున నేనుంటాను. నీ ఇష్టం," అన్నాడు షావుకారు.

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

నాలుగింటికి కమిటీ గదిలో ముగ్గురు సభ్యులు, డాక్టరమ్మ, మందుల గది పెద్దాయన, చిన్న డాక్టరు కూర్చున్నారు. షావుకారు, మరదలు ఓ పక్కన ఉన్నారు. నర్సు కుర్చీ ఖాళీగా ఉంది.

"చూశారా? తప్పు చేసిన మనిషి ఎందుకొస్తుంది!" అన్నాడు చిన్న డాక్టరు.

"వస్తుంది లెండి. ఈలోగా రెండు ముక్కలు," అంటూ షావుకారు లేచాడు. "అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేస్తే ఎప్పుడూ సరి అంకే వస్తుంది. సిస్టరు చేతిమీదుగా వచ్చిన వందల ఫారాల్లో అన్నీ సరి అంకెలే. మూడు మాత్రం బేసి. అరవై మూడు, అరవై ఒకటి, యాభై ఏడు. ఆ మూడూ ఆవిడ రాసినవి కావు."

"మరి అసలువి?" అడిగాడు ఒక సభ్యుడు.

"చించేశారు. కానీ ఆవిడ రాత కింది కాగితంలో కూడా దిగుతుంది." తర్వాతి ఫారాల మీద తేలిగ్గా పెన్సిలు రుద్ది ఉంచినవి బల్ల మీద పరిచాడు. బూడిదరంగులో తెల్లగా తేలాయి అంకెలు: నలభై ఆరు, నలభై నాలుగు, నలభై ఎనిమిది. "ఐదో మనిషి, ఆరో మనిషి, ఏడో మనిషి. ఒక్కరు బయటపడ్డా పరిశోధన ఆగేది. అందుకే సంతకం ముందే ఉన్న ఖాళీ ఫారాలు మూడు తీసి కొత్త అంకెలు వేశారు. పెద్దాయన నాలుగింతల మనిషి, డాక్టరమ్మ రెండింతల మనిషి. దొంగ అంకె వేసినా వాళ్ల చేతికి సరి అంకే అలవాటు. యంత్రం చూపించే అంకెలకి అలవాటుపడ్డ మనిషికే ఈ తేడా తట్టదు."

చిన్న డాక్టరు నవ్వాడు. "బేసి అంకె వేస్తే నేరమా? ఇదా మీ రుజువు?"

"ఇది అనుమానం. రుజువు ఇదిగో." షావుకారు ప్రసంగం కట్ట తీశాడు. "సిస్టరు రాతలా ఉండాలని మీరూ గట్టిగా నొక్కి రాశారు. కింద ఏముందో చూసుకోలేదు."

'ముగింపు' అని రాసి ఉన్న పేజీ మీద పెన్సిలు పూత కింద మూడు జతల అంకెలు కనిపిస్తున్నాయి. నలభై ఒకటి, అరవై మూడు. పంతొమ్మిది, అరవై ఒకటి. అరవై ఎనిమిది, యాభై ఏడు.

చిన్న డాక్టరు పెదవులు తడుపుకున్నాడు. "నెల రోజులు ఆగితే చాలనుకున్నాను... మహాసభ అయ్యేదాకా. ఎవరూ పడిపోతారనుకోలేదు."

డాక్టరమ్మ లేచి నిలబడింది. "పెద్దాయనా, కవరు తెండి."

ఐదో మనిషి తేలగానే కవరు విప్పాలన్నదే నియమం. పెద్దాయన సీలు విప్పి, కళ్లజోడు సవరించుకుని మూడు నంబర్లూ వెతికాడు. మళ్లీ వెతికాడు.

"ముగ్గురూ పాత మందు వాళ్లేనమ్మా."

చిన్న డాక్టరు తలెత్తాడు. ఆ ముగ్గురినీ దాచకుండా ఉంటే లెక్క అతని కొత్త మందు వైపే మొగ్గేది. తన ప్రసంగానికి అవసరమైన సాక్ష్యాన్ని తానే చించి పారేశాడు. అది అర్థమయ్యాక అతను ప్రసంగం కట్టను బోర్లా తిప్పాడు.

అప్పుడే ఫోను మోగింది. మరదలు ఎత్తింది. "సిస్టరే! ఆవిడ కుట్టు మిషను మీదే తల వాల్చి ఉందట. నాడి ముప్పై ఎనిమిది. అంబులెన్సులో ఉన్నారు, మాట్లాడుతోందట!" అంటూ కళ్లు తుడుచుకుంది. "ఏం చూస్తున్నావు బావా, నేనేం ఏడవట్లేదు."

రాబడిలో కొంత కోత పడింది. ఖాళీ ఫారాలపై సంతకాలు పెట్టినందుకు కమిటీ నర్సుకు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చింది. అది న్యాయమేనని ఆమే ఒప్పుకుని సంతకం చేసింది, ఈసారి మొత్తం చదివాక. చిన్న డాక్టరు పోలీసుల వెంట వెళ్లాడు. ఇన్ని వారాల పరిశోధన మళ్లీ మొదటికొచ్చింది.

వచ్చినది ఇదీ: లైసెన్సు నర్సు దగ్గరే ఉంది. డ్రైవరు మూడో రోజున కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. పంతొమ్మిదో నంబరు తన కాళ్ల మీద ఇంటికి నడిచి వెళ్లాడు. కుట్టు పని ఆవిడ నాడి వారం తిరిగేసరికి అరవై ఎనిమిదికి చేరింది.