నాలుగువందల డెబ్బై ఒకటి

నాకు కర్రీపఫ్ ఇష్టం లేదు. అయినా మూడు నెలల నుంచి రోజూ సాయంత్రం, మా కిరాణా షాపుకి నాలుగు కొట్ల అవతలున్న బేకరీకి వెళ్ళి ఒకటి కొంటున్నాను.

కారణం అక్కడ కేకులు చేసే కుసుమకుమారి. కళింగపట్నం నుంచి రోజూ బస్సులో శ్రీకాకుళం వస్తుంది. నాన్న దాలయ్యకి పడవుంది, అమ్మ మరిడమ్మ చేపలమ్ముతుంది. ఇదంతా ఒక్కరోజులో తెలియలేదు. పఫ్‌కి ఒక మాట చొప్పున తెలిసింది.

ఆ రోజు మాత్రం పఫ్ అడగలేదు. మిగిలిన కేకు డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాను.

"ఏటండీ ప్రమోద్‌గారూ, బాగులేదా?"

"బాగుంది. మా మామ్మ పుట్టినరోజుకి రెండు ముక్కలు తిని మూడోది అడిగింది. అదే గొడవైపోయింది."

విశాఖలో ఉన్న మా అత్త వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపింది. ఎగ్‌లెస్ కేకుల్లో వేసే 471 నంబరు సరుకంటే పంది కొవ్వట. మా మామ్మ అప్పలనరసమ్మ బిస్కెట్ పేకెట్ మీద కూడా ఆకుపచ్చ చుక్క వెతికి గానీ చింపదు. కేకు నేను తెచ్చానని చూడకుండా తింది. ఆ మెసేజ్ సంగతి తెలిసినప్పటి నుంచి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు.

కుసుమ నవ్వుతుందనుకున్నాను. నవ్వితే పోట్లాడదామని సిద్ధపడి వచ్చాను కూడా. ఆమె నవ్వలేదు.

"కేకు పొంగడానికి వేసే జెల్‌లో 471 ఉంటాది, నిజమే. నూనె, నీళ్ళు విడిపోకుండా పట్టి ఉంచుతాది. ఒంట్లో మామూలు నూనెలాగే అరిగిపోతాది, దానికి భయం లేదు. కానీ పామాయిల్‌తోనూ చేస్తారు, జంతువుల కొవ్వుతోనూ చేస్తారు. నంబరు సూసి ఏదో సెప్పలేం. జెల్ డబ్బా మీద చుక్క సూడాలి."

"సూడండి మరి."

"డబ్బా లేదు. లూజుగా కవర్లో కొంటాం. అడిగి తెచ్చుకోవాల్సింది, అడగలేదు. తప్పు నాదే."

"అయితే పామాయిల్‌దే అని ఒక్క మాట సెప్పేయండి. మామ్మ అన్నం తింటాది. ఎవరికి తెలుస్తాది?"

ఆమె చేతిలోని గరిట కింద పెట్టింది.

"మా నాన్న కార్తీకం నెల్లాళ్ళూ చేప తినడు. రోజంతా పడవలో చేపల మధ్యే ఉంటాడు, అయినా తినడు. ఆయనకి తెలీకుండా ఎవరేనా పెట్టేసి, ఏం పరవాలేదులే అంటే నేను ఊరుకోను. మీ మామ్మకీ అంతే. నాకు తెలీంది తెలుసునని సెప్పను."

నాకు ఒళ్ళు మండింది. అదే నిమిషంలో, ఈ పిల్ల లేకుండా నేను ఉండలేనని కూడా తెలిసిపోయింది.

"ఇంతకీ కేకు ఎవరు చేసినారో ఆవిడకి సెప్పారా?" అంది.

"బేకరీలో చేసినారని సెప్పాను."

"అంటే నా పేరు సెప్పలేదు."

చెప్పలేదు. చేపలమ్మే ఇంటి పిల్ల చేసిందంటే మామ్మ తినదేమోనని భయపడ్డాను. ఆ సంగతి ఆమెకి నేను చెప్పకుండానే అర్థమైంది. కళ్ళు తిప్పేసుకుని బల్ల తుడవడం మొదలెట్టింది.

"జెల్ ఏ షాపులో కొన్నారు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"మీ షాపులోనే."

బయట వాన మొదలైంది. గొడుగు ఒక్కటే ఉంది. దాని కింద ఇద్దరం మధ్యలో జానెడు ఖాళీ వదిలి మా షాపు దాకా నడిచాం. వాన ఆ ఖాళీలో తప్ప అంతటా పడింది.

మా నాన్న నగరేశ్వరరావు లెక్క ప్రకారం లేబుల్ డబ్బాకి గానీ కవరుకి కాదు. "ఒక్క కంపెనీదే తెస్తాం కదరా, గోడౌన్లో సూసుకో" అన్నాడు తల ఎత్తకుండా. బియ్యం బస్తాల వెనక తెల్ల డబ్బా ఉంది. దుమ్ము తుడిచాను. ఆకుపచ్చ చుక్క, దాని కింద 471, పక్కనే శాకాహార నూనెల నుంచి అని ఇంగ్లీషులో. కుసుమ రెండుసార్లు చదివి గట్టిగా ఊపిరి వదిలింది.

డబ్బా మోసుకుని ఇంటికి వెళ్ళాం. మామ్మ కళ్ళజోడు పెట్టుకుని చుక్క మీద వేలు పెట్టి చూసింది.

"మామ్మా, కేకు చేసింది కుసుమకుమారి. కళింగపట్నం దాలయ్యగారమ్మాయి. నీకు కావాలనే సెప్పలేదు. ఇందాక నీతో అబద్ధం ఆడమని ఆ పిల్లని కూడా అడిగేను."

"ఆడనందా?"

"ఆడనంది."

మామ్మ కంచం తెమ్మంది. నాలుగు ముద్దలు పప్పన్నం తిన్నాక వీధి గుమ్మం కేసి చూసింది. కుసుమ చూరు కింద తడుస్తూ నిలబడి ఉంది.

"అక్కడే ఉండిపోయావేటే గుంటా?"

"మా అమ్మ చేపలమ్ముతాది, మామ్మగారూ."

"అమ్మితే?"

"మీ ఇంట్లో..."

"నా వంటింట్లోకి నా మనవడే స్నానం చెయ్యకుండా రాడు. రేపు నువ్వూ తలకి పోసుకుని రా. గిన్నెలు తోమి ఉంచుతాను. కేకు నా ఎదురుగా చేద్దువు గాని. జెల్ కొనకు, డబ్బా మనింట్లోనే ఉన్నాది."

మామ్మ వంటింట్లో మా అత్తకి కూడా పొయ్యి ముట్టుకునే హక్కు లేదు. ఆ సంగతి కుసుమకి నేను ఎప్పుడో ఒక పఫ్‌కి చెప్పాను. అందుకే కాబోలు ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

బస్టాండు దాకా మళ్ళీ అదే గొడుగు. ఈసారి మధ్యలో ఖాళీ లేదు.

"నీ పేరు ముందే సెప్పాల్సింది. భయపడ్డాను. నువ్వంటే నాకు ఇష్టం, కుసుమా."

బస్సు వచ్చింది. ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"మీరు రోజూ ఆ పఫ్ మూల మీద కుక్కకి పెట్టేస్తన్నారు. మొదటి వారమే సూసేను."

కండక్టరు విజిల్ వేశాడు.

"రేపటి నుంచి కొనకండి," అంది. "ఊరికే రండి."