నిద్రపోని కారు

...అసలు ఆ జాలీ అక్కడ ఎందుకున్నట్టు?

కార్లో ముందు సీటు దగ్గరున్న జాలీలు చల్లగాలి ఇస్తాయి. మధ్యలో ఉన్నవీ ఇస్తాయి. వెనక సీటు పక్కన, సరిగ్గా మోచేతి దగ్గరున్న ఈ జాలీ మాత్రం ఏమీ ఇవ్వదు. పైగా ‘ఊఁ... ఊఁ...’ అని మూలుగుతూ ఉంటుంది. ఇచ్చేదేమీ లేదు, సణుగుడు మాత్రం బోలెడు అనుకుంది ఐసుముక్క. ఈత క్లాసు బ్యాగును దానికేసి ఇంకాస్త గట్టిగా నొక్కింది. మూలుగు తగ్గినట్టే అనిపించింది.

ఐసుముక్క అసలు పేరు కాదు. కారెక్కగానే ఏసీ నంబరు ఆఖరిదాకా తగ్గించమంటుందని తాతయ్య పెట్టిన పేరు.

“చాలా, ఇంకా తగ్గించనా?”

“ఇంకా తాతయ్యా!”

“ఇంకా అంటే, నిన్ను గ్లాసులో వేసుకుని తాగెయ్యాల్సిందే.”

తాతయ్య అంటే అమ్మవాళ్ల నాన్న. ఉద్యోగం చేసినన్నాళ్లూ రైలు నడిపాడు. ఇప్పుడు రోజూ ఆమెను స్కూలు నుంచి ఈత క్లాసుకు తీసుకెళ్తాడు. బయట ఎండ మండిపోతోంది. తాతయ్య ఒంటి మీద మాత్రం ఊదారంగు స్వెటర్. పెద్దవాళ్లు అంతే, ఏవేవో వేసుకుంటారు.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఇంజిన్ ఆగలేదు.

అది హైబ్రిడ్ కారు. పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉంటుంది. ఇదివరకు ఎర్రదీపం పడగానే ఇంజిన్ తనంతట తానే ఆగిపోయేది. “ష్... కారు పడుకుంది,” అనేవాడు తాతయ్య. పచ్చదీపం వెలిగేదాకా ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకోవాలి. గొంతు పెంచినవాళ్లు ఓడిపోయినట్టు. స్కూల్లో ఎవరికీ చెప్పని మాటలు ఆమె ఆ గుసగుసల్లోనే చెప్పేది.

ఈమధ్య కారు పడుకోవడం మానేసింది.

“దీనికి నిద్ర పట్టట్లేదేంటి తాతయ్యా?”

“వయసు మీద పడిందేమో. దానికో, నాకో,” అని తాతయ్య నవ్వాడు. ఆ నవ్వు అద్దంలో సగమే కనిపించింది.

ఆ సాయంత్రం అమ్మ కారు తీసుకుని ఏదో పని మీద వెళ్లివచ్చింది. చెప్పులు విప్పుతూ, “నాన్నా, ఈమధ్య లీటరుకొచ్చే కిలోమీటర్లు బాగా తగ్గిపోయాయి. వంతెన ఎక్కేటప్పుడు కూడా లాగలేకపోతోంది. నువ్వు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతున్నావా?” అంది. చాలా మెల్లగా అంది. ఆ మెల్లదనమే ఐసుముక్కకు నచ్చలేదు.

తాతయ్య తన కుడిపాదం వైపు చూసుకున్నాడు.

“కాలికి అంచనా తప్పుతోందేమోనమ్మా. రైలంత రైలు నడిపిన కాలు... సర్లే. సోమవారం నుంచి పిల్లని స్కూలు వ్యానులో పంపించెయ్. రేపు కారు శుభ్రం చేసి నీకప్పజెప్తా.”

వ్యానులో వెళ్లడం పెద్ద కష్టమేం కాదు. కిటికీ పక్కన చోటు దొరుకుతుంది, స్నేహితులుంటారు. మరి గుసగుసల సంగతో? వ్యానులో అందరూ అరుచుకుంటూనే ఉంటారు. తాతయ్య వెళ్లి టీవీ ముందు కూర్చున్నాడు. కానీ టీవీ పెట్టలేదు.

మర్నాడు సెలవు. పొద్దున్నంతా ఎండలో నిలబడి కారు కాలిపోతోంది. తాతయ్య కారు ఆన్ చేసి, ఏసీ పెట్టి, ముందు అద్దం తుడుస్తున్నాడు. ఐసుముక్క వెనక సీటు తుడుస్తోంది. పక్కన జాలీ మళ్లీ మూలుగుతోంది. ఇవాళ బ్యాగు లేదు కదా.

చేతిలోంచి టిష్యూ కాగితం జారింది. కింద పడలేదు. పోయి జాలీకి అతుక్కుంది.

లాగింది. వదిలింది. మళ్లీ అతుక్కుంది.

“తాతయ్యా! ఇది గాలి ఇచ్చేది కాదు. పీల్చుకుంటోంది!”

నీళ్ల బకెట్టుతో వస్తున్న అమ్మ ఆ మాట విని వంగి చూసింది. “అవును. బ్యాటరీ నీ సీటు కిందే ఉంటుంది. కార్లో ఉన్న చల్లగాలిని అక్కణ్ణుంచి పీల్చుకుంటుంది. దాన్ని మూయకూడదని కొన్నప్పుడే చెప్పారు. ఏం, ఎవరైనా మూశారా?”

తాతయ్య జాలీని చూశాడు. మనవరాలిని చూశాడు. ఆ బ్యాగు ఆయనకు రోజూ అద్దంలో కనిపించేదే.

“ఎవరు మూస్తారే? దుమ్ము పట్టి ఉంటుంది. నేనే సరిగ్గా చూసుకోలేదు,” అన్నాడు.

అంతే. అమ్మ నమ్మేసింది. ఇక ఎవరూ ఏమీ అడగరు. టిష్యూ ఉండచుట్టి పారేస్తే సరిపోతుంది. కానీ ఐసుముక్క చూపు తాతయ్య కుడికాలి మీద పడింది. ఆ కాలు ఏ తప్పూ చెయ్యలేదు.

“దుమ్ము కాదమ్మా. నా బ్యాగు,” అంది. “చప్పుడు చేస్తోందని రోజూ అడ్డం పెడుతున్నా.”

అమ్మ బకెట్టు కింద పెట్టింది. తిట్టలేదు. “వేడెక్కితే బ్యాటరీ పూర్తి బలం ఇవ్వలేదు. అప్పుడు బరువంతా ఇంజినే లాగాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఏసీ నడిచేదీ ఆ బ్యాటరీతోనే. నువ్వేమో ఆఖరి నంబరు పెట్టించుకుని, నీకు చల్లదనం ఇచ్చేదాని ముక్కే మూశావు!”

తర్వాత తాతయ్య వైపు తిరిగింది. “తప్పు నీ కాలిది కాదు నాన్నా. నేనే తొందరపడి అనేశాను. అది సరే, ఇంత ఎండలో రోజూ ఆ స్వెటరేంటి నీకు?”

“ఫ్యాషన్!”

“మరి కారు దిగగానే విప్పేస్తావేం?”

తుడిచిన అద్దాన్నే తాతయ్య మళ్లీ తుడిచాడు.

ఐసుముక్కకు అప్పుడు అర్థమైంది. వణుకుతూనే అడిగేవాడన్నమాట, ‘ఇంకా తగ్గించనా?’ అని. ఒక్కసారి కూడా చలేస్తోందని అనలేదు.

సోమవారం స్కూలు గేటు దగ్గర ఐసుముక్క వ్యాను ఎక్కలేదు. తాతయ్యే వచ్చాడు. లోపలి వేడి పోవాలని కారు అద్దాలన్నీ దించి ఉంచాడు. కాసేపయ్యాక వాటిని మూసి ఏసీ పెట్టాడు.

“ఎంత పెట్టమంటావు ఐసుముక్కా?”

ఆమె ముందు సీట్ల మధ్యలోంచి వంగి, తనే నంబరు ఒక్కొక్కటిగా పెంచుతూ పోయింది. పెంచుతూ అద్దంలో తాతయ్యనే చూసింది. తాతయ్య చెయ్యి స్వెటర్ గుండీల మీదికి వెళ్లాక ఆపింది.

“అయితే నీ పేరు మార్చాలే. మంచినీళ్లు అని పిలవనా?”

“వద్దు. పాతదే బాగుంది.”

బ్యాగు ఒళ్లో పెట్టుకుని బెల్టు పెట్టుకుంది. వంతెన దాటాక సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

ఇంజిన్ కూడా ఆగింది.

“ష్...” అన్నాడు తాతయ్య.

“తాతయ్యా,” గుసగుసగా పిలిచింది.

“ఊఁ?”

“థాంక్స్.”

“దేనికే?”

దేనికని చెప్పాలి? చాలా ఉన్నాయి. జాలీ మీద చిన్న దూదిపోగు ఒకటి అంటుకుని ఉంది. కారుకు మెలకువ రాకుండా, దాన్ని వేలికొసతో మెల్లగా తీసేసింది.