పన్నెండో గొట్టం

“నీడా, రక్తం శాంపిల్స్ పన్నెండింటికి విమానాశ్రయానికి బయల్దేరతాయి. ఈలోగా పదకొండు దొంగ శాంపిల్స్ పట్టుకోవాలి.” చీఫ్ ఫైలు ముందుకు తోశాడు.

హెచ్ఐవీ ఉన్నట్టు కొత్తగా తేలి, ఇంకా ఒక్క మాత్ర కూడా మింగని వాళ్ళ రక్తం మీద సర్వే. వాళ్ళలో నూటికి పదిమందికి మించి మందుకు లొంగని వైరస్ కనిపిస్తే దేశమంతటా మందు మార్చాల్సిందే. ఆ కొత్త మందు అమ్ముకోవాలని ఒక విదేశీ ముఠా, మాత్రలు వాడి మధ్యలో మానేసి వైరస్ మొండికేసిన వాళ్ళను కొత్తవాళ్ళుగా నిలబెట్టింది.

ఏజెంట్ నీడ ఫైల్లో క్లినిక్ పేరు రెండుసార్లు చదివాడు. పోయిన వారం మారుపేరుతో అదే క్లినిక్‌లో తనూ రక్తం ఇచ్చాడు. “ఇంతకుముందు మందులు వాడారా అన్నా?” అని నర్సు అడిగితే తడుముకోకుండా “లేదమ్మా” అన్నాడు. వాడాడు, ఎనిమిది నెలలు. ఆఫీసులో తెలిస్తే తలెత్తుకోలేనని మానేశాడు. మళ్ళీ మొదలుపెడదామని వెళితే, మానేశానని చెప్పడానికీ సిగ్గే.

పదకొండు నలభైకి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో, శాంపిల్స్ దాచిన ల్యాబ్‌లో దిగాడు.

“ఫ్రిజ్ చప్పుడు చేస్తోందా?”

“చప్పుడు లేదు. చలే ఎక్కువ,” అంది ల్యాబ్ కోటులో ఉన్న ఒకామె. కోడ్ సరిపోయింది. ఆమె సిల్క్. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. తలుపు దగ్గర ముఠా మనిషి పిస్టల్ తీసేలోపే ఆమె లిప్‌స్టిక్ నొక్కింది. అందులోంచి మత్తు సూది దూసుకొచ్చింది. వాడు చాప చుట్టినట్టు పడ్డాడు.

ఫైల్లోని జాబితా చూసుకుంటూ ఇద్దరూ డబ్బాలోంచి దొంగ రక్తం గొట్టాలు ఏరి పక్కన పెట్టారు. పదకొండు. బయట కొరియర్ వ్యాన్ హారన్ కొట్టింది.

“లెక్క సరిపోయింది. డబ్బాకు సీల్ వేస్తున్నా,” అంది సిల్క్.

నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. ఆ పదకొండుమందీ ముఠా ఆడించినట్టు ఆడారు. తను మాత్రం ఎవరూ అడగకుండానే ముఠా పని చేసిపెట్టాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఆగు. ఇంకోటి ఉంది.”

“జాబితాలో లేదే! ఎవరిది?”

“నాది.”

సిల్క్ చేతిలో సీల్ ఆగిపోయింది. నీడ కాలర్‌లో మైక్ ఆన్‌లోనే ఉంది, అవతల చీఫ్ అంతా వింటున్నాడు. నీడ పన్నెండో గొట్టం తనే తీసి పక్కన పెట్టాడు. డబ్బా సీలైంది, వ్యాన్ కదిలింది.

నీడ చెవిలో చీఫ్ గొంతు వినిపించింది. “డాక్టర్ దగ్గరికి పోరా. ఈసారి నిజం చెప్పు.”

మర్నాడు క్లినిక్‌లో అదే నర్సు కొత్త ఫారం ఇచ్చింది, ఏమీ అడగలేదు. అదే నయమనిపించింది. ‘ఇంతకుముందు మందులు వాడారా?’ అన్నచోట తలదించుకుని ‘అవును’ అని రాశాడు. కింద అసలు పేరుతో సంతకం పెట్టాడు.

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏజెంట్ నీడ సొంత పేరుతో ఇచ్చిన మొదటి రిపోర్టు అదే.